గంజాం తీరం: ప్రాణం దక్కింది, ఊరు కదిలింది

గంజాం చరిత్రను నీటి ప్రస్తావన లేకుండా రాయడం సాధ్యం కాదు. దారింగబాడి కొండల్లో పుట్టిన ఋషికుల్య సుమారు 165 కిలోమీటర్లు ప్రవహించి గంజాం పట్టణ సమీపంలో బంగాళాఖాతంలో కలుస్తుంది. ఒకప్పుడు జిల్లా ముఖ్యపట్టణమైన గంజాం 1815లో వచ్చిన విషజ్వరాల వల్ల ఆ హోదాను కోల్పోయింది. అంటే తావు మారడం ఈ నేలకు కొత్త కాదు. అయితే నాడు తరలినది ప్రభుత్వ కచేరీ. నేడు తరలుతున్నవి తెలుగు మాట్లాడే మత్స్యకారుల ఇళ్లు. ఈ రెండవ తరలింపును ఇక్కడ పరిశీలించదలచాము.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు, అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం జిల్లాలో అధికభాగం అందులో చేరింది. తీరంలోని తెలుగు జాలరులు ఉన్నచోటనే ఉండి మరొక రాష్ట్రపు పౌరులయ్యారు. ఒడియావారు వీరిని నోలియాలంటారు. ఋషికుల్య ముఖద్వారం దగ్గరి పొడంపేట వీరి పల్లెల్లో ఒకటి. ఊరి పేరు చివరి 'పేట' వారి భాషను ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

ఈ జిల్లాకు ముంపు రెండు వైపుల నుంచి వస్తుంది. 1990 నవంబరులో ఋషికుల్య పొంగి ఆస్కా ప్రాంతాన్ని ముంచింది. 1999 అక్టోబరు 17న గోపాలపురం వద్ద తుపాను తీరం దాటింది. మరి పన్నెండు రోజులకే పారాదీప్ ప్రాంతాన్ని తాకిన పెనుతుపాను ఒరిస్సాలో సుమారు పదివేల ప్రాణాలు తీసింది. ఆ విషాదం నుంచే రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ, తుపాను ఆశ్రయాలు, ముందస్తు హెచ్చరికలు రూపుదిద్దుకున్నాయి. దాని ఫలితం 2013 అక్టోబరు 12న కనిపించింది. ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటినా, రాష్ట్రంలో సుమారు పది లక్షల మందిని ముందే తరలించడం వల్ల మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. థాయి భాషలో ఫైలిన్ అంటే నీలమణి!

ఇది ఘనమైన విజయమే. కాని హెచ్చరికకు అందని ముంపు మరొకటి ఉంది. పొడంపేటలో సముద్రం ఒక్క రాత్రిలో కాక ఏళ్ల తరబడి ఇసుకను కోసి, వీధి తరువాత వీధిని మింగింది. కారణం ఒక్కటే అనడం తొందరపాటు: నదీముఖం కదులుతుంది, తీరం వెంట సాగే ఇసుక దారి మారుతుంది, సముద్రమట్టం పెరుగుతుంది. వాతావరణం ఒక డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. కుండపోత వానలు పెరగడానికి అదొక కారణం.

ఫైలిన్ తరువాత పొడంపేటవారికి తీరానికి ఎడంగా పక్కా ఇళ్లు కట్టారు. గోడలు గట్టివే. కాని పడవ ఒడ్డునే ఉంటుంది, వల అక్కడే ఆరాలి. కెరటం చూసి, గాలి వాలు తెలుసుకొని వేటకు బయలుదేరే మనిషికి సముద్రం గుమ్మంలోంచి కనిపించకపోవడం చిన్న నష్టం కాదు.

భాషాశాస్త్రం చదువుకున్న మాకు ఇందులో మరో నష్టం కూడా కనిపిస్తుంది. పోటు, పాటు వంటి మాటలను పిల్లలు పుస్తకంలో కాదు, పడవ పక్కన నిలబడి నేర్చుకుంటారు. బడిలో వారు చదివేది ఒడియా; ఒడ్డు దూరమైతే ఆ తెలుగు నేర్పే చోటు దూరమైనట్టే.

ప్రాణనష్టానికి లెక్క ఉంది, ఇళ్లకు లెక్క ఉంది. పోయిన వీధుల పేర్లను, గాలికీ అలకూ ఆ జాలరులు పెట్టుకున్న మాటలను కూడా, వాటిని పలికే పెద్దలు ఉండగానే నమోదు చేయాలి. తెలుగు శాఖలు చేపట్టవలసిన పని ఇది. దీనికి ఆలస్యం తగదు.