వయోనిర్ణయం నుంచి శరీరజ్ఞానం దాకా: తెలుగునాట బాల్యమాతృత్వ చర్చ

ఆధునిక తెలుగు సాహిత్యం బాల్యవివాహాన్ని ప్రధానంగా వయసుకు సంబంధించిన సమస్యగా చూసింది. బాలికకు ఏ వయసులో పెళ్లి చేయాలన్న చర్చ నూరేళ్లకు పైగా సాగింది. తన శరీరం గురించి ఆమెకు ఏమి తెలియాలన్న ప్రశ్న మాత్రం చాలాకాలం వెనకబడింది. కౌమార గర్భధారణ నివారణలో లైంగిక విద్య స్థానాన్ని నిర్ణయించాలంటే ఈ రెండు ప్రశ్నల మధ్య ఏర్పడిన దూరాన్ని చారిత్రకంగా పరిశీలించాలి.

1889లో కలకత్తాలో ఫూల్‌మణి దాసి అనే బాలవధువు భర్త సంగమం వల్ల మరణించింది. ఆ ఉదంతం రేపిన ఆందోళన నడుమ వచ్చిన 1891 నాటి చట్టం సమ్మతి వయసును 10 నుంచి 12 ఏళ్లకు పెంచి, భర్తకూ దానిని వర్తింపజేసింది. మరుసటి ఏడాది విజయనగరంలో ప్రదర్శితమైన గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. దాని ఆంగ్ల పీఠికలో గురజాడ విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన 1,034 కన్యాశుల్క వివాహాల లెక్క ఇచ్చారు. వధువులలో 99 మంది అయిదేళ్లవారు, 44 మంది నాలుగేళ్లవారు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ అంకెలు సమాజాన్ని సిగ్గుపడేలా చేయగలవు. అయితే అక్కడ కూడా బాలిక లెక్కలోని వస్తువే తప్ప తెలుసుకునే వ్యక్తి కాదు. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల కనీస వివాహ వయసును 14గా నిర్ణయించింది. 1978 సవరణతో అది 18 అయింది. చట్టం నడిచిన దారి కూడా అంకెల దారే.

జ్ఞానం వైపు అడుగు వేసినవారు లేకపోలేదు. చలం ‘స్త్రీ’లో స్త్రీ శరీరాన్ని, కోరికను చర్చనీయాంశాలుగా నిలిపారు. తరవాతి దశాబ్దాలలో విజయవాడ వైద్యులు డాక్టర్ జి. సమరం వారపత్రికల ప్రశ్నోత్తరాల ద్వారా వేలాది పాఠకులకు లైంగిక విజ్ఞానం అందించారు. ఈ ప్రక్రియకు స్వభావసిద్ధమైన పరిమితి ఒకటుంది. పత్రిక కొనగలిగి, చదవగలిగి, ఉత్తరం రాయగలిగినవారికే అది చేరువవుతుంది. పైగా ప్రశ్న సాధారణంగా సమస్య ఎదురైన తరవాతే పుడుతుంది. పదమూడేళ్ల బాలికకు ముందుగానే, క్రమపద్ధతిలో చెప్పగలిగింది పాఠశాల మాత్రమే. కాని 2007లో కేంద్రం ప్రోత్సహించిన కౌమార విద్యా కార్యక్రమాన్ని మహారాష్ట్ర, కర్ణాటక వంటి రాష్ట్రాలు నిరాకరించాయి.

ఈ మౌనానికి భాషలోనూ మూలాలున్నాయి. తొలి రుతుస్రావాన్ని తెలుగు ‘పెద్దమనిషి కావడం’ అంటుంది. ‘సమర్తాడడం’ అనే మాట ‘సమర్థ’ శబ్దంతో ముడిపడినది. శరీరంలో మొదలైన ఒక మార్పును ఈ పదాలు పూర్తయిన యోగ్యతగా ప్రకటిస్తాయి. రుతుస్రావం మొదలవడం వేరు, మాతృత్వానికి శరీరం సిద్ధపడడం వేరు. లైంగిక విద్య నేర్పవలసిన మొదటి పాఠం ఈ భేదమే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ల బాలికలలో అప్పటికే తల్లులైనవారు, గర్భవతులు కలిసి ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం, తెలంగాణలో 5.8 శాతం, దేశంలో 6.8 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండా పెళ్లయినవారు 29.3 శాతం. ఇక్కడ కౌమార గర్భం ఎక్కువగా వివాహం లోపలిదే. కనుక లైంగిక విద్య అంటే పెళ్లికాని యువతను అదుపు చేసే బోధ అనుకోవడం పొరపాటు. పెళ్లిని వాయిదా వేయమని అడగగల ధైర్యం, పెళ్లయినా మొదటి కాన్పును వాయిదా వేసుకునే గర్భనిరోధక పరిజ్ఞానం, వద్దనే హక్కు దానిలో భాగాలు. ఇటువంటి విద్య లైంగిక ప్రవర్తనను రెచ్చగొట్టదని 2018 నాటి యునెస్కో మార్గదర్శకం పరిశోధనల ఆధారంగా స్పష్టం చేసింది. పేదరికం, చదువు మధ్యలో ఆగిపోవడం వంటి కారణాలను పాఠం ఒక్కటే తొలగించలేదు. పెళ్లితో బడి మానేసిన బాలికకు ఆ పాఠమూ అందదు. అందుకే అది పెళ్లి మాటలకు ముందే చేరాలి.

సంస్కరణ సాహిత్యం బాలిక పక్షాన మాట్లాడింది. బాలికతో మాట్లాడడం మిగిలిపోయింది. అందుకు కావలసిన భాష వైద్యగ్రంథాల సంస్కృత పదజాలంలో గాని, ఇంటి గుసగుసలలో గాని పూర్తిగా లేదు. సిగ్గు కలిగించని, బిడ్డకు అర్థమయ్యే తెలుగును రూపొందించడం వైద్యులతో పాటు తెలుగు అధ్యయన రంగం కూడా స్వీకరించవలసిన బాధ్యత.