పుష్యరథాలు - మన మన్యపు కనుమదారులు

అమరసింహుడు తన నామలింగానుశాసనంలో రథాల పేర్లు చెబుతూ, యుద్ధానికి గాక విహారానికి మాత్రమే వాడే చక్రయానానికి 'పుష్యరథం' అని పేరు చెప్పాడు. 'పుష్పరథం' అనే పాఠమూ ఉన్నది. ఈనాటి స్పోర్ట్స్ కారుకు తెలుగుమాట కావాలని ఎవరైనా పట్టుబడితే నేను ఈ పుష్యరథాన్నే చూపిస్తాను. బరువు మోయడానికి పనికిరాదు, పంటను సంతకు చేర్చదు, పదిమందిని ఎక్కించుకోదు. దారిని అనుభవించడమే దాని ప్రయోజనం.

చలికాలపు శని, ఆదివారాలలో మా చోడవరం మీదుగా ఇటువంటి బళ్లు వరుసకట్టి పోవడం ఇప్పుడు కొత్త కాదు. నేలకు జానెడు ఎత్తున సాగే స్పోర్ట్స్ కార్లు కొన్ని, ఎత్తైన జీపులు కొన్ని, వాటి వెనుక మోటారు సైకిళ్లు. అనకాపల్లి, చోడవరం, వడ్డాది, మాడుగుల దాటి పాడేరు కనుమ ఎక్కడం, అక్కడినుండి అరకుకో లంబసింగికో పోయి మంచు చూడడం, మరునాడు తిరిగిరావడం వారి కార్యక్రమం. మాడుగులలో హల్వా పొట్లం కట్టించుకోవడం కూడా అందులో భాగమే. దీనిని కొత్తతరపు వెర్రి అని కొట్టిపారేసే పెద్దలున్నారు. ఈ వేడుకకు నూట ముప్పై ఏళ్ల చరిత్ర ఉన్నది. ఆ బళ్లు ఎక్కే కనుమకు అంతకన్న బరువైన చరిత్ర ఉన్నది. ఆ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చూడాలని ఈ వ్యాసం.

ముందు ఒక మాట. చరిత్ర పుస్తకాలలో 'చోడవరం' కనబడగానే మా ఊరనుకొనే పొరపాటు తరచు జరుగుతుంది. 1879 నాటి రంప పితూరీలో వచ్చే చోడవరం గోదావరి మన్యంలోని రంపచోడవరం. మాది స్వయంభూ విఘ్నేశ్వరుడు వెలసిన చోడవరం, చెరకు పండే మైదానపు ఊరు. మొన్నమొన్నటి దాకా విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లా. కొండలు మాకు కనుచూపు మేరలో ఉంటాయి. మైదానం ముగిసి మన్యం మొదలయ్యే గుమ్మం మాది.

మోటారు విహారం పుట్టింది ఫ్రాన్సులో. 1894 జులై 22న పారిస్ నుండి రువాన్ దాకా 'లె పెతి జుర్నాల్' పత్రిక జరిపించిన పోటీని మోటారు పోటీలన్నిటికీ మొదటిదిగా చెబుతారు. దూరం సుమారు 126 కిలోమీటర్లు. విశేషమేమంటే అది కేవలం వేగపు పందెం కాదు. బండి భద్రంగా, సులువుగా, తక్కువ ఖర్చుతో నడుస్తుందా అన్నది పరీక్ష. దారిలో మాంత్ అనే ఊరిలో ఆగి అందరూ భోజనం చేశారు. ముందుగా చేరినది ద్యోన్ ప్రభువు ఆవిరి బండి. అయినా దానిని నడపడానికి మరొకడు బొగ్గు వేస్తూ ఉండవలసి వచ్చినందున మొదటి బహుమతిని పెట్రోలు బళ్లు చేసిన పెజో, పనార్ సంస్థలకు పంచి ఇచ్చారు. నలుగురూ కలిసి బయలుదేరడం, నడుమ ఆగి భోంచేయడం, గమ్యం చేరి ముచ్చట్లాడుకోవడం - నేటి కారు సంఘాల వారాంతపు యాత్రకు మూలరూపం అక్కడే ఉన్నది.

ఇంగ్లండులో దారి ఇంత సుగమంగా లేదు. 1865 నాటి చట్టం ప్రకారం యంత్రపు బండి ఊరిలో గంటకు 2 మైళ్లు, బయట 4 మైళ్లు మించరాదు. ఎర్రజెండా పట్టుకొని ఒక మనిషి ముందు నడవాలి. 1896లో ఆ కట్టుబాట్లు సడలి వేగం గంటకు 14 మైళ్ల దాకా పెరగగానే, ఆ ఏడాది నవంబరు 14న మోటారు ప్రియులు లండను నుండి బ్రైటన్‌కు ఊరేగింపుగా పోయి పండుగ చేసుకొన్నారు. 1900 ఏప్రిల్, మే నెలలలో అక్కడి ఆటోమొబైల్ క్లబ్బు వేయిమైళ్ల పరీక్ష జరిపింది. లండను నుండి ఎడింబరో పోయి తిరిగిరావడం. బయలుదేరిన బళ్లు 65. ఊరూరా ఆగి, మోటారు ఎరుగని జనానికి వాటిని ప్రదర్శించారు. అందులో బంగారు పతకం పొందిన చార్లెస్ రోల్స్ తరువాత రోల్స్ రాయిస్ స్థాపకులలో ఒకడైనాడు.

మన దేశంలోనూ ఆలస్యం జరగలేదు. 1904 డిసెంబరులో పశ్చిమ భారత మోటారు సంఘంవారు ఢిల్లీ నుండి బొంబాయికి బళ్ల పరీక్ష పెట్టారు. మద్రాసులో 1903లోనే సింప్సన్ కంపెనీకి చెందిన శామ్యూల్ గ్రీన్ ఆవిరి కారును తయారుచేశాడు. స్వాతంత్ర్యం తరువాత 1953లో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఏర్పడింది. షోలవరంలోని పాత విమానాశ్రయపు బాట మీద వారు జరిపించిన పందేలు చూడడానికి ఆంధ్రదేశం నుండి కూడా కుర్రకారు రైలెక్కి పోయేవారు.

పందెం వేరు, విహారం వేరు అన్న వివేకం ఊరికే రాలేదు. అమెరికాలో 1944లో స్పోర్ట్స్ కారు క్లబ్బు ఏర్పడింది. 1948లో న్యూయార్కు రాష్ట్రపు వాట్కిన్స్ గ్లెన్ అనే చిన్న ఊరి వీధులలో, చుట్టుపక్కల పల్లెబాటలలో పందెం జరిగింది. 1952లో అక్కడ ఒక కారు జనం మీదికి రాగా ఏడేళ్ల బాలుడు మరణించాడు. పందెం ఊరి వీధులను విడిచిపెట్టి, చివరకు దానికోసమే కట్టిన ప్రత్యేకమైన బాట మీదికి పోయింది. పదిమందీ నడిచే దారి పదిమందిదే, పోటీకి వేరే చోటు చూసుకోవాలి అన్న పాఠం ఒక పసివాడి ప్రాణం ఖరీదు.

ఇక మన కనుమల సంగతి. ఘాటీ అని నలుగురూ అనే మాట సంస్కృత ఘట్టానికి వికృతి. మన అచ్చతెలుగు మాట కనుమ. కొండకు కొండకు నడుమ సందు. తూర్పు కనుమలలోని ఈ సందులలో శతాబ్దాల తరబడి నడిచినవి పుష్యరథాలు కావు. ఉప్పుబస్తాలు మోసే ఎద్దులు, తలమీద మూటలతో సంతకు దిగే గిరిజన స్త్రీలు. మైదానంలో సైతం ప్రయాణమంటే ఎంత కష్టమో తెలియాలంటే ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర చదవాలి. 1830 మే నెలలో మద్రాసునుండి బయలుదేరి, కాశీ, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకొని, మన తీరప్రాంతం మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడాయన. ప్రయాణం పల్లకీలో. దారి దూరాలు, మజిలీలు, ఏ ఊరిలో ఏ సరుకు దొరుకుతుందీ - అన్నీ రాశాడు. ఆయన కూర్చున్న పల్లకీని మోసిన బోయీలు ఉన్నారన్నది మాత్రం చదువరి మరచిపోరాదు. కొండదారుల విషయంలో ఈ బోయీల లెక్క మరింత ముఖ్యం.

మన్యాన్ని ఆంగ్ల ప్రభుత్వం 1839 నాటి ప్రత్యేక చట్టంతో మామూలు న్యాయస్థానాల పరిధినుండి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత పోడు వ్యవసాయం మీద, అడవి మీద గిరిజనుల హక్కులు కుదించుకుపోయాయి. కలపను దింపడానికీ, పోలీసులను ఎక్కించడానికీ రోడ్డు కావలసివచ్చింది. నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి పోయే కొండదారి పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత బలవంతపు చాకిరి చేయించాడు. కూలి సరిగా ముట్టలేదు. ఎదురు తిరిగినవారు వేధింపుల పాలైనారు. గాం గంటందొర, మల్లుదొర సోదరులకు ఆ అధికారితో వైరం ఇటువంటి అన్యాయాలవల్లనే పెరిగింది.

ఆ కొండలలో 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన పితూరీ లేచింది. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద దాడి చేసి తుపాకులు పట్టుకుపోయారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పొంచి ఉండి కొట్టిన దెబ్బకు స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు కూలిపోయారు. దారి ఎరిగినవాడికి కనుమ కోట అవుతుంది, ఎరగనివాడికి ఉచ్చు అవుతుంది. మలబారు పోలీసులు, ఆపైన అస్సాం రైఫిల్స్ దళాలు వచ్చి రెండేళ్లు వెదకవలసివచ్చింది. 1924 మే 7న రాజును పట్టుకొని కాల్చి చంపారు. ఆ తరువాత నెలలో గంటందొర నేలకొరిగాడు. కృష్ణదేవిపేటలో వారి సమాధులున్నాయి. బ్రతికి బయటపడిన మల్లుదొర 1952 ఎన్నికలలో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు.

పితూరీకి రోడ్డుపని ఒక్కటే కారణమని నేననను. పోడు, అడవి, ముఠాదారుల పదవులు, కల్లుగీత - అన్నీ ఉన్నాయి. అయినా కొండవాడి వీపుమీద ప్రభుత్వపు చేయి నేరుగా పడింది ఆ పనిలోనే. కోపం కళ్లకు కట్టినట్టు కనబడేదీ అక్కడే. 1974లో వచ్చిన కృష్ణగారి చిత్రం చింతపల్లి ప్రాంతంలో తీసిందే. అది చూసి ఆ కొండలకు చేతులు జోడించిన తరం మాది. చేతులు జోడించాము గాని, రాళ్లు కొట్టిన చేతుల సంగతి మా పాఠ్యపుస్తకాలలో రెండు వాక్యాలు మించి ఉండేది కాదు.

అయితే రోడ్డు చెడ్డదా? ఇక్కడే చరిత్ర మనను తేలికగా తీర్పు చెప్పనివ్వదు. ఆనాడు ఏ దారి పని శాపమైనదో, ఆ దారి లేకపోవడమే ఈనాడు శాపం. పాడేరు, చింతపల్లి చుట్టుపక్కల ఎన్నో గూడేలకు నేటికీ సరైన బాట లేదు. నిండు గర్భిణిని, జ్వరపడిన ముసలివానిని కర్రకు కట్టిన గుడ్డ ఉయ్యాలలో, డోలీలో, కొండ దింపుతున్న వార్త ప్రతి వానాకాలంలోనూ పత్రికలలో చూస్తూనే ఉన్నాము. వీరాస్వామయ్యగారిని మోసిన బోయీల వంటి భుజాలే ఇవి. కాని మోసేది యాత్రికుని కాదు, ప్రాణాపాయంలో ఉన్న ఇంటి మనిషిని. రాజమహేంద్రవరం నుండి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516-ఇ జాతీయ రహదారి ఒకవైపు, ఆ రహదారికి నాలుగు కొండల అవతల డోలీ మరొకవైపు. రెండూ ఒకే జిల్లాలో ఉన్నవి. 2022లో ఏర్పడిన ఆ జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరే పెట్టారు.

విహారానికి వచ్చేవారు రావద్దని కాదు. ప్రకృతిని చూసి సంతోషించడం పాపమూ కాదు. కాని కనుమకు కొన్ని మర్యాదలున్నాయి. కొండ ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలని మన రహదారి నియమాలలోనే ఉన్నది. ఎక్కేవాడు ఆగితే మళ్లీ కదలడం కష్టం గనుక ఆ నియమం. దిగేటప్పుడు బ్రేకు మీదనే ఆధారపడక చిన్న గేరులో ఇంజను పట్టుతో దిగాలని డ్రైవర్లు చెబుతారు. బ్రేకులు కాగిపోతే పట్టు తప్పుతుంది. 2023 ఆగస్టులో చోడవరం నుండి పాడేరు పోతున్న ఆర్టీసీ బస్సు ఈ కనుమలోనే లోయలో పడి ఇద్దరు మరణించారు. అందుకే పాడేరు దారిలో మోదకొండమ్మ పాదాల దగ్గర మా వాళ్లు బండి ఆపి దండం పెట్టుకొంటారు. భక్తి సంగతి అలా ఉంచి, ఆ నాలుగు నిమిషాల విరామం కాగిన యంత్రానికీ, తొందరపడే మనసుకూ మేలే చేస్తుంది.

కుర్రవాళ్లకు నా విన్నపం ఒకటే. మీ యాత్రా పటంలో మంచు చూసే చోటు, ఫొటో తీసుకొనే మలుపు ఉంటాయి. వాటి పక్కన కృష్ణదేవిపేటను కూడా గుర్తుపెట్టండి. దారిలో సంతనుండి మూటతో పోయే మనిషి కనబడితే వేగం తగ్గించండి. ఆ మనిషి తాతముత్తాతలు ఈ రాళ్లు పగలగొట్టి ఉండవచ్చు, కూలి అందక ఇంటికి పోయి ఉండవచ్చు. పుష్యరథం యుద్ధానికి కాదని అమరుడు అన్నాడు గాని, ఈ దారి మాత్రం ఒక యుద్ధం చూసినదే.