శిక్ష నుంచి శిక్షణకు: పిల్లల ప్రవర్తనా సమస్యలకు మానసిక సహాయం – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

సంస్కృతంలో ‘శిక్ష్’ ధాతువుకు విద్యను గ్రహించడం అని అర్థం. వేదాంగాలలో ఒకటైన శిక్ష ఉచ్చారణ శాస్త్రం. తైత్తిరీయోపనిషత్తులో మొదటి భాగం పేరు శిక్షావల్లి. తెలుగు వాడుకలో మాత్రం శిక్ష అంటే దండన. నేర్పడమనే అర్థం ‘శిక్షణ’ అనే రూపానికి మిగిలింది. ఈ రెండు అర్థాల మధ్య ఊగిసలాట నిఘంటువుకే పరిమితం కాదు. ఇల్లు, బడి, న్యాయస్థానం మూడింటా అది కనిపిస్తుంది. మాట వినని పిల్లవాణ్ణి మొండివాడని, పెంకివాడని అంటాం. ఆ మాటల్లో తీర్పు ఉంది, కారణాన్వేషణ లేదు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనే సామెత కూడా వంచవలసిన వయసునే చెబుతుంది. మొక్క ఎందుకు అటు వాలిందో అడగదు. ఆ ప్రశ్నను అడిగే సంస్థలు ఎప్పుడు, ఎలా ఏర్పడ్డాయి, మన దేశానికి ఏ రూపంలో వచ్చాయి అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

కారణాన్ని అడిగిన తొలి సంస్థలు

1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ మానసిక శాస్త్ర క్లినిక్‌ను ప్రారంభించాడు. చదువులో చురుకైనవాడే అయినా పదాల వర్ణక్రమం పట్టుబడని ఒక బాలుణ్ణి ఉపాధ్యాయురాలు అతని వద్దకు తీసుకువచ్చింది. పరీక్షించగా ఆ బాలుడికి దృష్టిదోషం ఉన్నట్లు తేలింది. బడిలో అశ్రద్ధగా కనిపించేదాని వెనుక శారీరక కారణం ఉండవచ్చునని ఈ ఉదంతం చూపింది.

రెండవ అడుగు న్యాయస్థానంలో పడింది. ఇల్లినాయ్ రాష్ట్ర చట్టం ప్రకారం 1899లో చికాగోలో బాలల న్యాయస్థానం ఏర్పడింది. పిల్లలను పెద్దల నుంచి వేరు చేసినంత మాత్రాన వారిని అర్థం చేసుకున్నట్లు కాదని దశాబ్దం గడవకముందే తేలింది. ఒకే బాలుడు మళ్లీ మళ్లీ న్యాయమూర్తి ముందుకు రావడానికి కారణమేమిటి? దీనిని తెలుసుకోవడానికి ఎథెల్ స్టర్జెస్ డమ్మర్ ఆర్థిక సహాయంతో 1909లో ఒక పరిశోధన సంస్థ ఏర్పడింది. దాని సంచాలకుడు విలియం హీలీ. నేరస్వభావం వంశపారంపర్యమనే అభిప్రాయం బలంగా ఉన్న కాలంలో, ఏ ఒక్క కారణమూ అందరికీ వర్తించదని, ప్రతి బాలుడినీ విడిగా అధ్యయనం చేయాలని అతడు 1915 నాటి తన గ్రంథంలో ప్రతిపాదించాడు. శారీరక పరీక్ష, మానసిక పరీక్ష, కుటుంబ వివరాలతోపాటు బాలుడు తన గురించి తాను చెప్పుకొనే కథనానికి కూడా అతని పద్ధతిలో స్థానం ఉంది. అంతవరకు నేరాన్ని ఒప్పుకోవడానికే పలికించిన నోరు, తన బాధను చెప్పుకోవడానికి కూడా తెరుచుకుంది.

1922 నుంచి కామన్‌వెల్త్ ఫండ్ సహాయంతో ఈ పద్ధతి అమెరికా నగరాలకు వ్యాపించింది. మనోవైద్యుడు, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, సామాజిక కార్యకర్త కలిసి పనిచేసే ‘చైల్డ్ గైడెన్స్ క్లినిక్’ స్థిరరూపం పొందింది. అయితే కాలక్రమంలో క్లినిక్ దృష్టి పేద బాలనేరస్థుల నుంచి మధ్యతరగతి ఇళ్ల వైపు మళ్లింది. శతాబ్ది మధ్యకు వచ్చేసరికి తల్లి పెంపకాన్నే దోషిగా నిలిపే ధోరణి పెరిగింది. బాలుడి మీద నుంచి తొలగిన నింద తల్లి మీద పడింది.

మద్రాసు చట్టం, బొంబాయి క్లినిక్

భారతదేశంలోని ప్రెసిడెన్సీలలో బాలల చట్టాన్ని తొలిసారి చేసినది మద్రాసు ప్రెసిడెన్సీ. 1920 నాటి మద్రాసు బాలల చట్టం బాలలకు ప్రత్యేక విచారణను, సర్టిఫైడ్ పాఠశాలలను ఏర్పరచింది. కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు నాడు ఆ ప్రెసిడెన్సీలోనివే. కాని దేశంలో తొలి చైల్డ్ గైడెన్స్ క్లినిక్ 1937లో బొంబాయిలో, అంతకు ముందటి సంవత్సరమే స్థాపితమైన సర్ దొరాబ్జీ టాటా సామాజిక సేవా విద్యాలయానికి అనుబంధంగా వెలిసింది. చికాగోలో న్యాయస్థానం పుట్టిన పదేళ్లకే దాని పక్కన పరిశోధన సంస్థ నిలిచింది. మద్రాసు చట్టం వచ్చిన 17 ఏళ్లకు గాని దేశంలో ఎక్కడా అటువంటి క్లినిక్ రాలేదు. బాలుణ్ణి ఎక్కడ ఉంచాలో చట్టం చెప్పగలిగింది. అతడు ఎందుకు అలా ఉన్నాడో తెలుసుకొనే ఏర్పాటు మాత్రం దానికి తోడుగా రాలేదు.

తెలుగులో ఈ ఖాళీని సాహిత్యం కొంత పూరించింది. పాఠశాలల పర్యవేక్షణ ఉద్యోగం చేసిన చలం ‘బిడ్డల శిక్షణ’లో కొట్టడాన్ని, భయపెట్టడాన్ని నిరసించి, పిల్లల స్వేచ్ఛను సమర్థించాడు. శిక్షణ నుంచి శిక్షను వేరు చేయడమే ఆ గ్రంథం చేసిన పని. అయితే పుస్తకం తల్లిదండ్రులకు ఆలోచననివ్వగలదు గాని, సహాయం కోసం వారు వెళ్లగలిగే చోటును కల్పించలేదు.

నేటి స్థితి

2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. బెత్తాన్ని పక్కన పెట్టిన ఉపాధ్యాయుడికి మరో మార్గం చూపే మనిషి బడిలో ఉన్నప్పుడే ఈ నిషేధం సఫలమవుతుంది. లేకపోతే దండన స్థానంలో ఉపేక్ష వస్తుంది.

2015 నాటి బాలల న్యాయచట్టం మరింత జటిలమైన ప్రశ్నను ముందుకు తెచ్చింది. ఘోరమైన నేరాల ఆరోపణ ఎదుర్కొంటున్న 16 నుంచి 18 ఏళ్ల వారి విషయంలో 15వ సెక్షన్ ప్రాథమిక అంచనాను నిర్దేశిస్తుంది. నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలను గ్రహించే శక్తి, నేరం జరిగిన పరిస్థితులు అందులో పరిశీలనకు వస్తాయి. ఇందుకు బోర్డు మనస్తత్వ నిపుణుల సహాయం తీసుకోవచ్చు. పరిస్థితులను చూడమనడంలో హీలీ దృష్టి కొంత మిగిలి ఉంది. కాని ఆ అంచనా ఫలితం, బాలుణ్ణి పెద్దవాడిగా విచారించాలా అన్న నిర్ణయానికి ఆధారమవుతుంది. సహాయం చేయడానికి పుట్టిన శాస్త్రాన్ని ఇక్కడ శిక్షార్హత కొలవడానికి సాక్షిగా పిలుస్తున్నారు.

ముగింపు

పై పరిశీలనను బట్టి, మానసిక సహాయ చరిత్ర దండన నుంచి దయ వైపు సూటిగా సాగిన ప్రయాణం కాదని తెలుస్తుంది. నింద బాలుడి నుంచి తల్లికి మారింది. శాస్త్రం సహాయకురాలి స్థానం నుంచి సాక్షి స్థానానికి జరిగింది. ‘ఎందుకు’ అనే ప్రశ్న ఎవరి కోసం అడుగుతున్నామన్న దాని మీదనే దాని విలువ ఆధారపడుతుంది. ఆ ప్రశ్న బాలుడి కోసం అడిగినదైనప్పుడే, మన భాష వేరు చేసిన శిక్షను, శిక్షణను మన వ్యవస్థలు కూడా వేరు చేయగలుగుతాయి.