ఆరు గదులు, అయిదు తూటాలు

కౌబాయ్ అనగానే మనవాళ్లకి 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’, టోపీ పెట్టుకుని గుర్రమెక్కిన కృష్ణ గుర్తొస్తారు. నేనుంటున్న అరిజోనాలో కౌబాయ్‌లు ఇప్పటికీ ఉన్నారు గానీ, నాకు తెలిసినవాళ్లంతా శని ఆదివారాల కౌబాయ్‌లే. వారమంతా ఆస్పత్రిలోనో బ్యాంకులోనో పనిచేసి, సెలవురోజు పొద్దున్నే తోలుబూట్లు వేసుకుని, నడుముకి రెండు రివాల్వర్లు తగిలించుకుని ఊరి బయట మైదానంలో చేరతారు. ఈ ఆట పేరు కౌబాయ్ యాక్షన్ షూటింగ్. 1980ల మొదట్లో కాలిఫోర్నియాలో కొందరు స్నేహితులు సరదాకి మొదలుపెట్టారు. 1987లో దీనికి సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ అనే సంఘం ఏర్పడింది. చేరిన ప్రతి ఒక్కరికీ ఒక మారుపేరు ఉండాలి, అది ఇంకెవరూ పెట్టుకోనిదై ఉండాలి. వేషం తప్పనిసరి. తుపాకులు పంతొమ్మిదో శతాబ్దపు నమూనాలే కావాలి: రెండు రివాల్వర్లు, ఒక లీవర్ రైఫిల్, ఒక షాట్‌గన్. ఉక్కు పలకల్ని ఎంత త్వరగా కొడితే అంత గొప్ప. గురి తప్పిన ప్రతి దెబ్బకీ 5 సెకన్లు కలుపుతారు.

పోటీ చూడ్డానికి బాగుంటుంది. కానీ ఈ దేశపు చరిత్ర కాస్తయినా తెలియాలంటే, నా లెక్కన, ముందురోజు సాయంత్రం తుపాకులు విప్పే బల్ల దగ్గర కూర్చోవాలి.

అక్కడ మొదటి పని తుపాకి ఖాళీగా ఉందో లేదో చూడటం. కంటితో చూసి, వేలితో తడిమి, మళ్లీ చూస్తారు. తూటాల పెట్టె ఆ బల్ల దరిదాపుల్లో కూడా ఉండనివ్వరు. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ చేతికొస్తుంది. 1873లో కోల్ట్ కంపెనీ అమెరికా సైన్యానికి ఇచ్చిన సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌లో, పేల్చాలంటే ప్రతిసారీ హ్యామర్‌ని బొటనవేలితో వెనక్కి లాగాలి. లోపలివన్నీ రేకు స్ప్రింగులు. ట్రిగ్గర్‌నీ, సిలిండర్‌ని ఆపే బోల్టునీ రెంటినీ నడిపేది ఒకే చీలిక స్ప్రింగు. సన్నటిది, ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది. జాగ్రత్తపరులు ఒకటి జేబులో అదనంగా ఉంచుకుంటారు. పేలుడు అదురుకి స్క్రూలు వదులవుతాయి కాబట్టి ఒక్కోదాన్నీ బిగించి చూస్తారు. గాడికి సరిగ్గా అతకని స్క్రూడ్రైవర్ పెడితే స్క్రూ తల నలిగిపోతుంది, ఆ మచ్చ ఇక పోదు.

ఈ తుపాకుల్లో చాలావాటి పుట్టుక అమెరికాలో కాదు. అవి ఇటలీలో బ్రెషా దగ్గరి గార్దోనే ఊళ్లో ఉబెర్తి వంటి కంపెనీలు చేసిన నకళ్లు. అమెరికా పడమటి కథల్ని ఇటలీవాళ్లు సినిమాలుగా తీసి ప్రపంచానికి అమ్మారు, ఆ తుపాకుల్ని తిరిగి అమెరికాకే అమ్ముతున్నారు.

రైఫిల్ సంగతి ఇంకా సున్నితం. 1873 నమూనా వించెస్టర్‌లో లీవర్ తిప్పితే ఒక ఇత్తడి దిమ్మె తూటాని కింది నుంచి పైకి మోసుకొస్తుంది. తూటా పొడవు ఒక్క పిసరు ఎక్కువైనా దిమ్మె కదలదు. తక్కువైతే తర్వాతి తూటా అంచు లోపలికి చొరబడుతుంది. అందుకే సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లు ప్రతిదాన్నీ కొలతపెట్టె లోకి దించి చూస్తారు, మందు లేని ఉత్తుత్తి తూటాలతో లీవర్ ఆడించి చూస్తారు. గుండ్ల మొన చదునుగా ఉండాలి. గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకునే తూటాల్లో మొన వాడిగా ఉంటే, ముందున్నదాని అడుగునున్న మందుబిళ్లని అది పొడిచి పేల్చే ప్రమాదం ఉంది.

ఆ వించెస్టర్‌తోనే .44-40 అనే తూటా వచ్చింది. 1878 నుంచి కోల్ట్ కూడా అదే తూటాకి రివాల్వర్ చెయ్యడం మొదలుపెట్టింది. ఊళ్లకి దూరంగా, పశువుల వెంట నెలల తరబడి తిరిగే మనిషికి రెండు తుపాకులకీ ఒకే పెట్టె సరిపోవడం మామూలు వెసులుబాటు కాదు. దాని ఇత్తడి గొట్టం పల్చన. పేలినప్పుడు ఉబ్బి గది గోడల్ని మూసేస్తుంది, మసి వెనక్కి రాదు. పాతకాలపు మందు వాడేవాళ్లు ఈ తూటాని ఇప్పటికీ వదలరు.

పాతకాలపు మందంటే సూరేకారం, గంధకం, బొగ్గు. దీపావళికి ఇంట్లో మతాబులు కూరిన పెద్దవాళ్లకు ఈ పేర్లు కొత్తేమీ కాదు. ఇందులో ఎక్కువ పాలు, సుమారు నాలుగింట మూడొంతులు, సూరేకారమే. పంతొమ్మిదో శతాబ్దంలో మంచి సూరేకారం బీహారు నేలల నుంచి తీసి, కలకత్తా ఓడల్లో లండన్ చేరేది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యాక లింకన్ ప్రభుత్వం లామోట్ డ్యుపాంట్ అనే మందు వ్యాపారిని ఇంగ్లండ్‌కి పంపి, అక్కడున్న సరుకంతా గుట్టుగా కొనమంది. కొన్నాడు. అంతలో అమెరికా నౌకాదళం ట్రెంట్ అనే బ్రిటిష్ ఓడని ఆపి, దక్షిణాది దూతలిద్దరిని పట్టుకుంది. బ్రిటన్ కోపంతో సూరేకారం ఎగుమతి ఆపేసింది. దూతల్ని విడిచిపెట్టాకే సరుకు కదిలింది. బానిసత్వాన్ని అంతం చేసిన యుద్ధంలో బీహారు మట్టి పేలిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో నేనెక్కడా చదవలేదు.

ఆ మందుతో కాలిస్తే దట్టమైన తెల్లటి పొగ, చేతులంతా మసి. ఆ మసిలో మిగిలే లవణాలు గాలిలోని తేమని లాగి ఇనుముని తుప్పుపట్టిస్తాయి. దాన్ని వదిలించేది వేడినీళ్లు, సబ్బు. పెట్రోలియం నూనె తగిలిందా, మసి తారులా అంటుకుని సిలిండర్ తిరగనివ్వదు. అందుకే ఇప్పటికీ తేనెమైనం, పశువుల కొవ్వు కలిపిన ముద్దే పూస్తారు. కొందరు ఆలివ్ నూనె. 1884లో ఫ్రాన్సులో పొగ రాని మందు పుట్టాక ఈ శ్రమ క్రమంగా తగ్గింది. అప్పటికి కౌబాయ్‌ల కాలం కూడా ముగింపుకొచ్చింది: 1874లో గ్లిడెన్ పేటెంటు తీసుకున్న ముళ్లకంచె బీళ్లని గళ్లు గళ్లుగా చీల్చేసింది, 1886-87 చలికాలం మందలకు మందల్నే చంపేసింది.

తూటాల్ని తుడిచే అలవాటు కూడా ఒకటుంది, దాని వెనక ఒక యుద్ధం ఉంది. 1876 జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటా, షెయెన్ తెగల యోధులు అమెరికా సైన్యాధికారి కస్టర్ దళాన్ని తుడిచిపెట్టారు. సైనికుల రాగి తూటాలు తోలు బెల్టుల్లో చిలుముపట్టి, ఒంటి తూటా కార్బైన్లలో ఇరుక్కుపోబట్టే ఓడారని చాలాకాలం చెప్పుకున్నారు. 1984లో పురావస్తు పరిశోధకులు ఆ నేల గాలిస్తే అలా ఇరుక్కున్న గుర్తులు పెద్దగా దొరకలేదు. దొరికింది వేరే: ఎదుటిపక్షం దగ్గర హెన్రీ, వించెస్టర్ రైఫిళ్లు బాగానే ఉన్నాయని. ఓడినవాళ్లు తుపాకిని నిందించడం, గెలిచినవాళ్ల తెలివిని ఒప్పుకోకపోవడం కన్నా సులువు. మా పోటీల్లో కౌబాయ్ వేషాలు, జూదగాడి వేషాలు, షెరీఫ్ వేషాలు కావలసినన్ని. ఆ యోధుల వేషం నేను చూడలేదు, అదీ ఒకందుకు మంచిదే.

ఇక అసలు విషయం. రివాల్వర్‌లో ఆరు గదులుంటే ఎప్పుడూ అయిదే నింపుతారు. ఒకటి వేసి, ఒకటి వదిలి, నాలుగు వేసి, హ్యామర్ పూర్తిగా లాగి మెల్లగా దించితే అది ఖాళీ గది మీద ఆగుతుంది. ఆరూ నింపితే హ్యామర్ ముల్లు తూటా మందుబిళ్ల మీదే ఆనుకుని ఉంటుంది. కింద పడితే చాలు, పేలుతుంది. సినిమాల్లో మహావీరుడైన వయట్ ఇర్ప్‌కే ఇది జరిగింది. 1876 జనవరిలో విచిటా ఊరి సారా దుకాణంలో కూర్చుని ఉంటే రివాల్వర్ జారిపడి పేలింది. గుండు ఆయన కోటులోంచి దూసుకుపోయిందని ఊరి పత్రిక రాసింది. 1973లో రూగర్ కంపెనీ పడినా పేలని ఏర్పాటు చేసింది, అయినా పోటీలో అందరికీ అయిదే. తుపాకి ఇంట్లోనే నింపుకుని రాకూడదు. మైదానంలో ఒక బల్ల ఉంటుంది, అక్కడ ఇంకొకరు చూస్తుండగా నింపాలి. కాల్చడం అయ్యాక మరో బల్ల దగ్గర ఖాళీ చేసి చూపించాలి. మిగతా సమయమంతా నడుముకి వేలాడే రివాల్వర్లు ఉత్తవే. (వీసా మీద వచ్చిన మన పిల్లలకు ఒక మాట: వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఇక్కడ మీరు తుపాకి దగ్గర పెట్టుకోవడమే నేరం. గ్రీన్‌కార్డు వచ్చేదాకా ప్రేక్షకులుగా ఉండండి.)

తుపాకి అమెరికావాడి జన్మహక్కని, ఒకప్పుడు ప్రతివాడూ అది నడుముకి కట్టుకునే తిరిగాడని ఇక్కడి టీవీ చర్చల్లో తరచుగా వింటాను. నిజానికి పశువుల మందలు చేరే డాడ్జ్ సిటీలో ఊళ్లో తుపాకి ధరించి తిరగడం నిషేధమని బోర్డు ఉండేది. మా ఫీనిక్స్ నుంచి మూడు గంటల కారు ప్రయాణంలో ఉన్న టూంబ్‌స్టోన్‌లో, 1881 ఏప్రిల్‌లో, ఊరి పాలకమండలే ఆయుధాలు ధరించి తిరగడాన్ని నిషేధించింది. మనకి అంతకు మూడేళ్ల ముందే, 1878లో, వైస్రాయ్ లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చాడు. అక్కడ పరాయి పాలకుడు భారతీయులకు లైసెన్సు పెట్టి దొరల్ని మినహాయించాడు. ఇక్కడ ఊరివాళ్లు తమకు తామే పెట్టుకున్నారు.

ఓకే కొరాల్ పోరుగా పేరుపడ్డ కాల్పులకు ఆ చట్టమే నిప్పు. 1881 అక్టోబర్ 26న ఐక్ క్లాంటన్ అనేవాడు తుపాకులతో వీధుల్లో తిరుగుతుంటే ఊరి పోలీసు అధికారి, వయట్ అన్న అయిన వర్జిల్ ఇర్ప్ తలమీద కొట్టి పట్టుకున్నాడు. కోర్టు 25 డాలర్ల జరిమానా వేసింది, తుపాకులు తీసేసుకున్నారు. ఆ మధ్యాహ్నమే ఐక్, అతని తమ్ముడూ, స్నేహితులూ ఒక ఫొటో స్టూడియో పక్క ఖాళీ స్థలంలో నిలబడ్డారు. వాళ్ల ఆయుధాలు తీసుకోవడానికి వర్జిల్ తమ్ముళ్లతో, వాళ్ల స్నేహితుడు డాక్ హాలిడేతో వెళ్లాడు. అర నిమిషంలో ముగ్గురు చనిపోయారు: బిల్లీ క్లాంటన్, టామ్, ఫ్రాంక్ మెక్‌లారీలు. అంతకుముందే జరిమానా కట్టిన ఐక్ చేతిలో తుపాకి లేదు. పరుగెత్తాడు, 1887 దాకా బతికాడు.