కొండ మీద ఒకరు, కడలి అంచున ఒకరు

1881 జూన్ 1. స్కాట్లండ్ పడమటి తీరాన ఫోర్ట్ విలియం ఊరు ఇంకా నిద్ర లేవలేదు. ఉత్తరాది వేసవి కాబట్టి వెలుగు మాత్రం ఎప్పుడో పరుచుకుంది. అయిదు కొట్టకముందే ఒక ఎర్రజుట్టు మనిషి ఇల్లు వదిలాడు. బక్కపలచని పొడగరి. వయసు ఇరవై ఎనిమిది, పేరు క్లెమెంట్ రాగ్. పక్కన పెంపుడు కుక్క రెంజో. ఎదురుగా బెన్ నెవిస్: 1345 మీటర్లు. బ్రిటన్ మొత్తంలో అంతకు మించిన కొండ లేదు.

ఎక్కి రావడం ఒక్కటే అయితే అది కథ కాదు. మర్నాడూ ఎక్కాలి, ఆ మర్నాడూ ఎక్కాలి. వానైనా, మంచైనా, అక్టోబరు నడిమి దాకా రోజూ ఎక్కాలి. ఉదయం తొమ్మిది గంటలకు శిఖరం మీద నిలబడి గాలి పీడనం, ఉష్ణోగ్రత, గాలివాటం, మబ్బు తీరు రాసుకోవాలి. ఆ పని చేస్తానని స్కాటిష్ మెటియొరలాజికల్ సొసైటీకి ఆయనే మాటిచ్చాడు. శిఖరం మీద వాతావరణ పరిశోధనాలయం కట్టాలని సొసైటీకి ఎంతో కోరిక. నవలాకారుడు రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ తండ్రి, దీపస్తంభాల ఇంజనీరు థామస్ స్టీవెన్సన్ దాని కోసం పట్టుబట్టినవారిలో ఒకరు. డబ్బు మాత్రం లేదు. సరే, ముందు ఒక మనిషి వెళ్ళి చూసొస్తే?

రాగ్ కొండమీద కొలతలు తీసుకుంటున్న వేళకే కింద సముద్రమట్టం దగ్గర ఆయన భార్య లియొనోరా కూడా కొలతలు రాసేది. పీడనం ఎత్తును బట్టీ మారుతుంది, గంట గంటకూ మారుతుంది. రెండుచోట్లా ఒకే క్షణాన చూస్తే తప్ప ఎత్తు వల్ల వచ్చిన తేడా ఎంతో తేలదు. అందుకే ఆయనకు ఆలస్యం కావడానికి వీల్లేదు. ఈ పనికి దక్కిన పతకం ఆయన మెడలో పడింది. అందులో సగం ఆమెదేనని నా నమ్మకం.

ఇప్పుడున్న కాలిబాట అప్పటికి లేదు. సగం దూరం బురద, చిత్తడి, తడిసిన గడ్డి. దాదాపు 570 మీటర్ల ఎత్తున కొండ భుజం మీద మియాల్ అన్ తూయి అనే చిన్న సరస్సు ఉంది. అంతవరకు చిన్న గుర్రం, అక్కణ్ణుంచి కాళ్ళే. దారి మధ్యలో కూడా పరికరాలు పెట్టుకున్నాడు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆగి చూడాలి. ఆ పైన ఎర్రవాగు దాటి రాళ్ళ వాలు. శిఖరం మీద రాళ్ళు పేర్చి టార్పాలిన్ కప్పిన గుడిసే ఆశ్రయం. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే పెన్సిలు పట్టి అంకెలు రాయడం ఎలాంటిదో ఊహించుకోండి. తప్పు రాస్తే ఆ రోజు ఎక్కినదంతా వృథా.

ఆ అంకెలు ప్రజలను కదిలించాయి. చందాలు వచ్చాయి. గుర్రాలు నడిచే బాట వేశారు. 1883 అక్టోబరు 17న పరిశోధనాలయం తెరుచుకుంది. దాని పెద్దగా వేరొకరిని నియమించారు, రాగ్‌ను కాదు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆయన ఆస్ట్రేలియా వెళ్ళి క్వీన్స్‌లాండ్ ప్రభుత్వ వాతావరణ శాస్త్రవేత్త అయ్యాడు, అక్కడ తుపానులకు పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. 2014లో విశాఖను వణికించిన తుపానును మనం హుద్‌హుద్ అని పిలిచామంటే, ఆ అలవాటుకు ఆద్యుడు ఈయనే.

పరిశోధనాలయం 1904 దాకా నడిచింది. గంట గంటకూ రాసిన లెక్కల్లో తేలిందేమిటంటే, శిఖరం మీద ఏడాది సగటు ఉష్ణోగ్రత సున్నాకు కాస్త కిందే. ఏడాది వాన నాలుగు వేల మిల్లీమీటర్ల పైమాటే, విశాఖలో కురిసేదానికి మూడింతలకు మించి.

ఆనాటి గుర్రాల బాటే ఈనాడు గ్లెన్ నెవిస్ లోయ నుంచి జనం ఎక్కే దారి. రానూపోనూ పదహారు, పదిహేడు కిలోమీటర్లు. ఏడు నుంచి తొమ్మిది గంటలు. గ్లాస్గోలోనో ఎడిన్‌బరోలోనో చదువుకునే మన పిల్లలూ సెలవు రోజున ఈ దారి పడుతుంటారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే: బయల్దేరే వేళ ఎంత ముఖ్యమో, వెనుదిరిగే వేళ అంతకన్నా ముఖ్యం. దాన్ని ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి. శిఖరం అల్లంత దూరాన కనిపిస్తున్నా, ఆ వేళ అయితే దిగిపోవడమే. ఏ దారిన వెళుతున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో కింద ఉండే ఒకరికి చెప్పి వెళ్ళండి. ముందురోజు కొండల వాతావరణ సూచన చూడండి. ఊళ్ళో ఎండ కాస్తున్నా పైన ఎనిమిది తొమ్మిది డిగ్రీలు తక్కువ, గాలి తోడైతే చలి ఇంకా కోస్తుంది. జీన్సు తడిస్తే ఆరదు, వద్దు. వాన ఆపే కోటు, ఉన్ని బట్టలు, చేతి తొడుగులు, టోపీ, తిండి, టార్చి జూలైలోనైనా ఉండాల్సిందే. చలికాలం సంగతి పూర్తిగా వేరు. మంచుగొడ్డలి, బూట్లకు బిగించే ముళ్ళ పట్టీలు (క్రాంపాన్లు) ఉండాలి, వాటిని వాడడం వచ్చి ఉండాలి. రానివాళ్ళు వసంతం దాటేదాకా ఆగడం మంచిది.

శిఖరం చదునుగా ఉంటుంది. మోసమంతా అక్కడే. మబ్బు కమ్మితే నాలుగడుగుల అవతల ఏముందో తెలియదు. ఒకవైపు ఏడు వందల మీటర్ల ఉత్తరపు కొండచరియ. దారి కనబడక తొందరపడితే గార్డీలూ గల్లీ అనే నిట్టనిలువు కొండచీలిక అంచుకు చేరతారు. దానికి భయపడి మరీ ఎడమకు తిరిగితే ఫైవ్ ఫింగర్ గల్లీ అనే ఇంకో చీలిక. రెండూ ప్రాణాలు తీసినవే. అందుకే దిగేటప్పుడు శిఖరం మీది సర్వే స్తంభం దగ్గర నిలబడి, మ్యాపు గీతల ప్రకారం 231 డిగ్రీల దిశలో 150 మీటర్లు నడవాలి. అప్పుడు 282 డిగ్రీలకు తిరిగి వాలు దిగాలి. దారి పొడవునా గుర్తుగా రాళ్ళ గుట్టలున్నాయి, కాని మంచులో అవీ కనబడకపోవచ్చు. అడుగులు లెక్కపెట్టడం, కంపాసు చూడడం ఊళ్ళోనే నేర్చుకోవాలి. చలికి ఫోను బ్యాటరీ త్వరగా అయిపోతుంది, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఇంత చేసినా ఆపద రావచ్చు. అప్పుడు 999కి ఫోన్ చేసి ముందు పోలీసులను, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగండి. వచ్చేది లాకాబర్ బృందం. జీతం తీసుకోని స్థానికులు, మీ దగ్గరా పైసా అడగరు. ఫోన్ అందకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదండి.