మధ్య రాజ్యం, నాలుగు దిక్కులు: ప్రాచీన చైనా తన పొరుగు జాతులను చూసిన తీరు

ప్రాచీన చైనా గ్రంథాలు పొరుగు జాతులను దిక్కుల ప్రకారం నాలుగు వర్గాలుగా విభజించాయి. తూర్పువారు యీ, పడమటివారు రోంగ్, దక్షిణాదివారు మాన్, ఉత్తరాదివారు దీ. వీరి నడుమ నివసించే నాగరికులకు హువా, శ్యా అనే పేర్లు ఉండేవి. ఈ విభజనలో పుట్టుక కన్నా ఆచార వ్యవహారాలకే ప్రాధాన్యం ఎక్కువ. అందువల్ల నాగరికులకూ, అనాగరికులకూ మధ్య గీసిన గీత కాలానుగుణంగా జరుగుతూ వచ్చింది.

ఆహారం, వస్త్రధారణే కొలమానం

షాంగ్ వంశ కాలంలో ఎముకలపైనా, తాబేటి చిప్పలపైనా చెక్కిన శాసనాలు పొరుగు రాజ్యాలను 'ఫాంగ్' అని పేర్కొన్నాయి. పట్టుబడిన చాంగ్ జాతివారిని బలి ఇచ్చిన ఉదంతాలు కూడా వాటిలో కనిపిస్తాయి. క్రీ.పూ. 1046 ప్రాంతంలో షాంగ్‌లను ఓడించిన జౌ వంశీయుల కాలంలోనూ యీ, రోంగ్ అనే పేర్లు ఒక్క దిక్కుకే పరిమితం కాలేదు. ఒక్కో దిక్కుకు ఒక్కో పేరు అనే పద్ధతి తరువాతి గ్రంథకర్తలు స్థిరపరచినది.

కన్ఫ్యూషియన్ సంప్రదాయానికి చెందిన 'లీ జీ' గ్రంథం ఈ నలుగురినీ అలవాట్లను బట్టి వర్ణించింది. పచ్చబొట్లు, చర్మపు దుస్తులు, నిప్పు తగలని ఆహారం, ధాన్యం తినకపోవడం వంటివి ఆ వర్ణనలో ఉన్నాయి. 'యూ గోంగ్' అనే మరో రచన రాజధాని చుట్టూ అయిదు మండలాలను ఊహించింది. ఒక్కొక్కటి 500 లీల వెడల్పు గలది. కేంద్రానికి దూరమైన కొద్దీ నాగరికత తగ్గుతుందన్నది దాని భావన.

మారిన సరిహద్దు

ఆచారమే కొలమానం గనుక వర్గం మారడం అసాధ్యం కాదు. పూర్వకాలపు మహనీయుడైన షున్ చక్రవర్తి తూర్పు యీ అనీ, జౌ రాజు వెన్ పడమటి యీ అనీ మెన్షియస్ పేర్కొన్నాడు. ఒకప్పుడు మాన్ జాతిగా చిన్నచూపుకు గురైన దక్షిణాది చూ రాజ్యం కాలక్రమంలో చైనా సంస్కృతిలో విడదీయరాని భాగమైంది. చరిత్రకారుడు సిమా చియాన్ ఉత్తరాది సంచార జాతి శియోంగ్నూలను శ్యా వంశ సంతతిగానే వర్ణించాడు.

సోంగ్ కాలం (960–1279) నాటి రచనల్లో 'పచ్చి', 'పక్వ' అనే విభజన కనిపిస్తుంది. హైనాన్ ద్వీపంలోని లీ జాతిలో ప్రభుత్వ పాలనకు లోబడినవారు పక్వులు, దానికి వెలుపల ఉన్నవారు పచ్చివారు. అంటే పాలనా యంత్రాంగపు అవసరమే ఇక్కడ జాతి లక్షణంగా నమోదైంది.

భారతదేశం స్థానం

బౌద్ధం ఈ లెక్కను తారుమారు చేసింది. 5వ శతాబ్దంలో యాత్రికుడు ఫాహియాన్ 'మధ్య రాజ్యం' అన్న మాటను గంగా మైదానపు మధ్యదేశానికి వాడాడు. ఆ దృష్టితో చూస్తే చైనాయే అంచు ప్రాంతం. దీనికి భిన్నంగా, 819లో బుద్ధుని ధాతువుకు రాజమర్యాదలు చేయడాన్ని నిరసించిన హాన్ యూ, బుద్ధుడు యీ–దీ జాతివాడని చక్రవర్తికి విన్నవించి బహిష్కరణకు గురయ్యాడు.

అక్షరాల్లో నిలిచిన చిన్నచూపు

చిన్నచూపు లిపిలోనూ చోటుచేసుకుంది. 'దీ' అక్షరంలో కుక్కను సూచించే గుర్తు, 'మాన్' అక్షరంలో పురుగును సూచించే గుర్తు ఉన్నాయి. 1858 నాటి తియాన్జిన్ ఒప్పందంలో, అధికారిక పత్రాల్లో తమకు 'యీ' అక్షరం వాడరాదని బ్రిటిష్‌వారు ప్రత్యేక షరతు విధించారు. లోపలి జాతులకు అలాంటి ఊరట 20వ శతాబ్దంలో గానీ దక్కలేదు. నైరుతి చైనాలోని యీ జాతి పేరును 1950లలో అదే ఉచ్చారణ గల వేరొక అక్షరంతో రాయడం మొదలైంది. ఒకప్పుడు కుక్క గుర్తుతో రాసిన జువాంగ్ జాతి పేరుకు 1965లో బలాన్ని సూచించే అక్షరం వచ్చింది.

నేడు చైనా ప్రభుత్వం అధికారికంగా 56 జాతులను గుర్తిస్తున్నది. ఒక జాతికి పేరు పెట్టే అధికారం ఎవరిది అన్న ప్రశ్న మాత్రం ఆ ప్రాచీన వర్గీకరణతోపాటు నేటికీ నిలిచే ఉన్నది.