గల్ఫ్ అంటే ఒక సముద్రం

మన ఇళ్లలో ‘గల్ఫ్‌కు వెళ్లాడు’ అంటే దుబాయ్‌కో, కువైట్‌కో ఉద్యోగానికి వెళ్లాడని అర్థం. అసలు గల్ఫ్ అన్నది అక్కడి సముద్రం పేరు. ఇరాన్‌వాళ్లు పర్షియన్ గల్ఫ్ అంటే, అరబ్బులు అరేబియన్ గల్ఫ్ అంటారు.

దీని పొడవు సుమారు 990 కిలోమీటర్లు. ఒడ్డున ఇరాన్, ఇరాక్, కువైట్, సౌదీ అరేబియా, బహ్రెయిన్, ఖతర్, యూఏఈ, ఒమన్ ఉన్నాయి. బయటి సముద్రంలోకి హోర్ముజ్ జలసంధి ఒక్కటే దారి. సగటు లోతు దాదాపు 35 మీటర్లే. ఎండ ఎక్కువ, వచ్చి కలిసే నదీజలం తక్కువ. అందుకే నీళ్లలో ఉప్పు మామూలు సముద్రాల కంటే ఎక్కువ.

అయినా ఇక్కడ పగడపు దిబ్బలు, మడ అడవులు, తాబేళ్లు ఉన్నాయి. సముద్రపు గడ్డి మేసే డ్యూగాంగ్‌లు ఆస్ట్రేలియా తర్వాత ఎక్కువగా ఉండేది ఇక్కడే. హైదరాబాద్‌లో పేరున్న బస్రా ముత్యాలు కూడా ఈ సముద్రానివే. చమురు రాకముందు ఒడ్డునున్న ఎన్నో కుటుంబాలు ముత్యాల మీదే బతికాయి.

ఇప్పుడు గల్ఫ్ నగరాల్లో తాగే నీళ్లు చాలావరకు ఈ సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసి తయారుచేసినవే. 1991 యుద్ధంలో భారీగా చమురు సముద్రంలో కలిసి సౌదీ తీరం నల్లబడింది. అలాంటిది జరిగితే ముప్పు చేపలకే కాదు, అక్కడ పనిచేసే మనవాళ్ల కుళాయి నీళ్లకు కూడా.